ఒక తీగ లాగితే మిగతా రెండూ శ్రుతి తప్పుతున్నాయి: కంట్రీ లిక్ దగ్గర ఇరుక్కుపోయాను

బ్రాడ్‌వే_బుల్లోడు · శనివారం రాత్రి 11:52

అందరికీ నమస్కారం. అమెరికాలోని నాష్‌విల్‌లో ఉంటాను, వచ్చి రెండేళ్లయింది. గిటార్ పట్టి నాలుగేళ్లు అయింది కానీ గొప్పేం లేదు, మన సినిమా పాటలకి కార్డులు వేసి పార్టీల్లో పరువు నిలబెట్టుకునే రకం. పోయిన నెల అమ్మానాన్న వస్తే ఊరు చూపిద్దామని లోయర్ బ్రాడ్‌వేకి తీసుకెళ్లాను. అక్కడ పట్టపగలే బార్లలో కంట్రీ (అమెరికా జానపద తరహా సంగీతం) బ్యాండ్లు వాయిస్తుంటాయి, లోపలికి టికెట్ ఉండదు, పాటల మధ్య బకెట్ తిప్పుతారు. ఒకచోట స్టీల్ గిటార్ (తీగల మీద కడ్డీ జరిపి వాయించేది) వినిపిస్తోంది కానీ స్టేజీ మీద స్టీల్ గిటార్ లేదు. చూస్తే ఓ పెద్దాయన టెలికాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ మీద వేళ్లతో తీగ నెట్టి ఆ శబ్దం తెప్పిస్తున్నాడు. మా నాన్న "వీణలాగా లాగుతున్నాడురా వీడు" అని కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చున్నారు. ఆయన గిటార్ గురించి ఏ రోజూ ఒక్క మాట అన్న మనిషి కాదు.

అదే పట్టుకుని కూర్చున్నాను. డి కార్డ్ మీద లిక్ (చిన్న స్వరాల ముక్క) ఇది, ముందు తీగ నంబరు తర్వాత ఫ్రెట్ (మెట్టు), పైబాణం అంటే లాగడం, కిందిబాణం అంటే వదలడం:

3-9↑   2-10   1-10   2-10   3-9↓   3-7

మూడో తీగ లాగి పట్టుకునే ఉండాలి, వదలకూడదు, దాని మీద మిగతా రెండూ మోగాలి. మధ్య వేలుతో మూడో తీగ లాగుతున్నా, ఉంగరపు వేలు రెండో తీగ మీద, చిటికెన వేలు ఒకటో తీగ మీద. విడివిడిగా వాయిస్తే ప్రతి స్వరం బాగానే ఉంది. మూడూ కలిసి మోగితే మాత్రం పెళ్లి బ్యాండులో క్లారినెట్ పాడైనట్టుంది. మూడు వారాలైంది. నా చెవే బాగోలేదా, చెయ్యి బాగోలేదా?

పవర్‌కార్డ్_పంతులు · ఆదివారం ఉదయం 8:10

చెయ్యే తమ్ముడూ. వేళ్లకి బలం లేదు. అందరికీ అంతే ఉంటుంది, రోజూ గంట వాయించు, ఆరు నెలల్లో సెట్ అవుతుంది. 9 సెట్ (సన్న) తీగలు వేసుకుంటే ఇంకా తేలిక.

రెండోతీగ · ఆదివారం ఉదయం 9:37

ఆరు నెలలు ఆగమనడానికి ముందు ఇంకో రెండు అడగాలి కదండీ పంతులు గారూ. బుల్లోడు గారూ, మూడో తీగని ఒక్క మధ్య వేలుతోనే నెడుతున్నారా? చూపుడు వేలు దాని వెనకే, అదే తీగ మీద 8వ ఫ్రెట్ దగ్గర ఆనించి రెండు వేళ్లూ కలిపి నెట్టాలి. బొటనవేలు మెడ పైనుంచి కొంచెం బయటికి రావాలి, అప్పుడే పట్టు దొరుకుతుంది. కార్డులు వాయించేవాళ్లు బొటనవేలు మెడ వెనక పెట్టుకుని ఉంటారు, అలా పెట్టి లాగితే బలమంతా వేలి కణుపు మీదే పడుతుంది.

ఇంకోటి, బ్లూస్‌లో మణికట్టు తిప్పుతాం కదా, తలుపు గొళ్లెం తిప్పినట్టు, ఇక్కడ అది పూర్తిగా కుదరదు. మణికట్టు తిరిగితే పక్కనున్న ఉంగరపు వేలూ చిటికెన వేలూ కూడా దానితో పాటే కదిలి ఆ తీగల్ని కూడా కాస్త లాగేస్తాయి. అప్పుడు అవి పైకి పోతాయి. మీకు మిగతా రెండు తీగలూ పైకి పోతున్నాయా, కిందికి పోతున్నాయా? అది చెప్పండి ముందు.

బ్రాడ్‌వే_బుల్లోడు · ఆదివారం మధ్యాహ్నం 1:05

చూపుడు వేలు ఆనించడం లేదు, ఇప్పుడు ఆనిస్తే నిజంగానే తేలికైంది, థాంక్స్ అండీ. కానీ శబ్దం మాత్రం అంతే దరిద్రంగా ఉంది. ట్యూనర్ పెట్టి చూశాను: మూడో తీగ లాగిన తర్వాత ఒకటో తీగ మీటితే డి కన్నా కిందికి చూపిస్తోంది. వదిలేసి మీటితే కరెక్ట్‌గా డి. కిందికి ఎందుకు పోతుంది? నేను దాన్ని వదులు చేయడం లేదు కదా!

డాలస్_మావయ్య · ఆదివారం మధ్యాహ్నం 1:31

ఆగు ఆగు. నీ గిటార్ ఏంటి? బ్రిడ్జ్ దగ్గర, అంటే కింద తీగలు ఆగే చోట, ఇనప కడ్డీ, అదే బ్రిడ్జ్‌ని ఊపే వామీ బార్, తగిలించుకునే రంధ్రం ఉందా?

బ్రాడ్‌వే_బుల్లోడు · ఆదివారం మధ్యాహ్నం 1:40

ఉందండీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) మోడల్ ఎలక్ట్రిక్ గిటార్. కడ్డీ నా దగ్గర లేదు, అమ్మినాయన ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

డాలస్_మావయ్య · ఆదివారం మధ్యాహ్నం 2:22

దొరికింది దొంగ. నీ చెవి బాగుంది, చెయ్యీ బాగుంది. మూడు వారాలు నిన్ను నువ్వు తిట్టుకున్నావు పాపం.

చెప్తా విను. గిటార్ తిప్పి వెనక ప్లాస్టిక్ మూత తీయి. లోపల స్ప్రింగులు కనిపిస్తాయి, సాధారణంగా మూడు. తీగలు బ్రిడ్జ్‌ని ఒకవైపు లాగుతుంటే స్ప్రింగులు ఇంకోవైపు లాగుతుంటాయి, రెండూ సమానమైన చోట బ్రిడ్జ్ నిలబడుతుంది, త్రాసులాగా. ఇప్పుడు నువ్వు మూడో తీగని లాగావు, దాని టెన్షన్ పెరిగింది, త్రాసు అటు మొగ్గింది, బ్రిడ్జ్ తోక పైకి లేచింది. బ్రిడ్జ్ లేస్తే మిగతా ఐదు తీగలూ వదులైనట్టే. అందుకే నీ డి కిందికి పోయింది. అంతేకాదు, లాగిన తీగ కూడా నువ్వు నెట్టినంత పైకి పోదు, సగం శ్రమ స్ప్రింగులు తినేస్తాయి. ఇంకొంచెం గట్టిగా నెడతావు, మిగతావి ఇంకా దిగుతాయి.

నమ్మకం లేకపోతే ఆరో తీగని ఖాళీగా మీటి ట్యూనర్ చూస్తూ మూడో తీగని నెట్టు. ఆరో తీగని నువ్వు ముట్టుకోకపోయినా ముల్లు కిందికి దిగుతుంది.

టెలికాస్టర్‌కి ఈ గొడవ లేదు. బ్రిడ్జ్ బాడీకి స్క్రూలతో బిగించేసి ఉంటుంది, కదలదు. 1950ల మొదట్లో వచ్చిన డిజైన్ అది, ఇవాళ్టికీ కంట్రీ వాళ్లు దాన్ని వదలకపోవడానికి ఇదొక కారణం. ఆ గిటార్ గొంతు కూడా ఒక కారణం, అది వేరే దారంలో (థ్రెడ్‌లో) కొట్టుకుందాం.

పవర్‌కార్డ్_పంతులు · ఆదివారం సాయంత్రం 4:48

మావయ్యా, స్ట్రాట్ మీద బెండ్లు (తీగ లాగడాలు) వాయించే మహానుభావులు ఎంతమంది ఉన్నారు? వాళ్లందరి గిటార్లూ శ్రుతి తప్పాయా? కుర్రాడికి వస్తువు మీద నెపం నెట్టడం నేర్పకండి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుంది.

డాలస్_మావయ్య · ఆదివారం సాయంత్రం 5:15

మద్దెల ఓడే పంతులూ ఈసారి. బ్లూస్‌లో లాగేది ఎక్కువగా ఒక్క తీగే, పక్కన ఏదీ మోగదు, కాబట్టి మిగతావి దిగినా ఎవడికీ వినపడదు, లాగే తీగని చెవితో సరిపెట్టుకుంటే చాలు. ఇక్కడ లాగని తీగలు కూడా మోగుతాయి, లిక్ అంతా వాటి మధ్య దూరం మీదే నడుస్తోంది. పైగా స్ట్రాట్ వాయించే చాలామంది బ్రిడ్జ్‌ని బాడీకి ఆనించేసుకుంటారు. గాల్లో తేలే బ్రిడ్జ్ మీద రెండు మూడు తీగల బెండ్ శుభ్రంగా పలకాలంటే, పట్టుకున్న తీగల్ని కూడా ఆ దిగినంత పైకి నెట్టాలి. చేసేవాళ్లు ఉండొచ్చు, మూడు వారాల కుర్రాడికి ఆ శిక్ష ఎందుకు?

పవర్‌కార్డ్_పంతులు · ఆదివారం సాయంత్రం 5:58

సరే, నా గిటార్ మీద ఆరో తీగ పరీక్ష చేశాను. దిగింది. ఇన్నేళ్లూ చూసుకోలేదు. మాట వెనక్కి తీసుకుంటున్నా.

స్టీల్_శాస్త్రి · ఆదివారం రాత్రి 9:20

ఆలస్యంగా వచ్చాను. ఈ లిక్ ఎందుకు ఇలా ఉందో ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ఇది గిటార్ వాళ్ల సొంత ఆలోచన కాదు. పెడల్ స్టీల్ అని బల్ల లాంటి వాయిద్యం, ఒక్కో మెడకి పది తీగలు, పైన ఉక్కు కడ్డీ జరుపుతూ వాయిస్తారు. హవాయి గిటార్ వంశమే, మన దగ్గర పాత పాటల్లో జారుతూ వినిపించేది కూడా ఆ కుటుంబమే. దాని కింద కాళ్లతో తొక్కే పెడల్స్ ఉంటాయి. ఇ9 అనే తీగల ట్యూనింగ్‌లో మొదటి పెడల్ తొక్కితే బి తీగలు సి షార్ప్ అవుతాయి, రెండోది తొక్కితే జి షార్ప్ తీగలు ఏ అవుతాయి, ఇ తీగలు కదలవు. ఇ, జి షార్ప్, బి అని మోగుతున్న ఇ కార్డ్, రెండు పెడల్సూ తొక్కేసరికి ఇ, ఏ, సి షార్ప్, అంటే ఏ కార్డ్ అయి కూర్చుంటుంది. కడ్డీ కదలకుండానే! ఒక స్వరం నిలబడి ఉంటే పక్క స్వరాలు దాని ముందు నుంచి నడిచి వెళ్తాయి. ఆ ఏడుపు లాంటి శబ్దం అక్కడిది.

కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాడగా 1954లో విడుదలైన 'స్లోలీ' అనే పాటలో స్టీల్ వాయించిన బడ్ ఐజాక్స్ స్వరం మోగుతుండగానే పెడల్ తొక్కాడు. పాట పెద్ద హిట్. అది విన్న స్టీల్ వాళ్లందరూ అలాంటి పెడల్స్ బిగించుకోవడం మొదలుపెట్టారు. గిటార్ వాళ్లకి పెడల్ లేదు కదా, వేలినే పెడల్ చేసుకున్నారు. నీ లిక్‌లో మధ్య వేలు పెడల్, ఉంగరపు వేలూ చిటికెన వేలూ కడ్డీ. అలా ఊహించుకుని వాయించు. పెడల్ తొక్కినవాడు తొక్కి ఊరుకుంటాడు, కాలు వణికించడు. కాబట్టి బ్లూస్ అలవాటు కొద్దీ పైకి వెళ్లాక ఊపకు. తిన్నగా వెళ్లి ఆగాలి.

సారణి_విశాఖ · సోమవారం ఉదయం 6:40

ఈ దారం మా తమ్ముడు పంపితే చదివాను. నాకు గిటార్ రాదు, వీణ పన్నెండేళ్లుగా వాయిస్తున్నాను. బుల్లోడు గారి నాన్నగారు అన్నమాట తప్పేం కాదు. వీణ మీద మెట్టు మీద వేలు పెట్టి సారణి తీగని పక్కకి లాగి పై స్వరం పలికిస్తాం, ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు కూడా తెప్పిస్తాం.

మీరు రాసిన లిక్‌ని డి షడ్జం అనుకుని చూశాను. 3-9 చతుశ్రుతి రిషభం. లాగితే అంతర గాంధారం. పైన పంచమం, పై షడ్జం. వదిలితే మళ్లీ రిషభం, చివర షడ్జం. స రి గ ప, మోహన స్వరాలు కదండీ ఇవి! కౌబాయ్ టోపీ పెట్టుకున్న మోహన. రాగం అనను, గమకం తీరు వేరు, కానీ స్వరాలు అవే.

మా టీచర్ గారి పద్ధతి ఒకటి చెప్తాను. లాగే ముందు చేరాల్సిన స్వరాన్ని అసలు మెట్టు మీద వాయించి, పాడి, అప్పుడు లాగమనేవారు. చెవిలో గాంధారం లేకుండా చేతితో వెతికితే ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది.

రెండోతీగ · సోమవారం ఉదయం 7:15

సారణి గారూ భలే చెప్పారు. గిటార్‌లో దానికి తగ్గట్టు: మూడో తీగ 11వ ఫ్రెట్ వాయించి (అది ఎఫ్ షార్ప్), పాడి, వెంటనే 9 నుంచి లాగి అక్కడికి చేరాలి. రెండో తీగ 7లో కూడా అదే స్వరం దొరుకుతుంది. కళ్లు మూసుకుని చేస్తే మంచిది, చూస్తూ చేస్తే తీగ ఎంత దూరం జరిగిందో కొలవాలనిపిస్తుంది, ఆ కొలత 9వ ఫ్రెట్ దగ్గర ఒకటి, 2వ ఫ్రెట్ దగ్గర ఇంకొకటి, నట్ (మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గరికి పోయేకొద్దీ తీగ మొండికేస్తుంది.

బ్రాడ్‌వే_బుల్లోడు · బుధవారం రాత్రి 10:34

సోమవారం సెలవు కాకపోయినా సెలవులాగే గడిచింది, చెప్తాను.

మూత తీశా. మూడు స్ప్రింగులే. ఇంకో రెండు ఆన్‌లైన్‌లో తెప్పించి శ్రావణంతో తగిలిస్తుంటే ఒకటి ఎగిరి సోఫా కిందికి పోయింది, ఇంకోటి బొటనవేలు మీద గీసుకుపోయింది. ఐదూ వేసి ట్యూన్ చేసి సంబరంగా వాయిస్తే... సేమ్. అదే పెళ్లి బ్యాండు. దగ్గర్లోని ఒక షాపుకి తీసుకెళ్తే కౌంటర్ దగ్గరాయన చూసి "కొత్త గిటార్ కొనుక్కోవడం మేలు" అన్నాడు, అప్పుడే గోడ మీద ఉన్న ఒకదానికేసి చూపించాడు కూడా. కొనలేదు. ఎక్కడ తప్పు చేశాను?

డాలస్_మావయ్య · బుధవారం రాత్రి 11:02

తప్పు నాదే, సగం చెప్పి వదిలేశాను. స్ప్రింగులు ఎన్ని ఉన్నాయన్నది కాదు లెక్క. నువ్వు ఐదు వేశాక, స్ప్రింగుల్ని పట్టుకునే పంజా లాంటి రేకు స్క్రూలు వదులు చేశావా? చేసే ఉంటావు, లేకపోతే బ్రిడ్జ్ పడుకుండిపోయేది. అంటే మళ్లీ సమతూకమే, మళ్లీ తేలుతోంది.

ఆ స్క్రూలు రెండూ లోపలికి బిగించు, కొంచెం కొంచెంగా, ప్రతిసారీ తీగలు మళ్లీ శ్రుతి చేసుకుంటూ. బ్రిడ్జ్ రేకు వచ్చి బాడీ మీద పూర్తిగా ఆనాలి. ఆనాక ఇంకో రెండు చుట్లు బిగించు, స్ప్రింగుల లాగుడు తీగల లాగుడు కన్నా బాగా ఎక్కువుండాలి, లేకపోతే మామూలుగా ఆనే ఉంటుంది, బెండ్ చేసినప్పుడు మాత్రం లేస్తుంది. పరీక్ష అదే, ఆరో తీగ, ట్యూనర్. ఇంకా లేస్తుంటే లోపల బ్రిడ్జ్ కిందున్న లోహపు బ్లాక్‌కీ తోక వైపు గోడకీ మధ్య చెక్కముక్క సరిగ్గా పట్టేలా చెక్కి దోపు, కథ అయిపోతుంది.

బ్రిడ్జ్ కిందికి దిగాక తీగలూ దిగి ఫ్రెట్లకి తగిలి గరగరలాడొచ్చు. శాడిల్స్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే ముక్కలు) పైకెత్తుకోవాలి, ఇంటొనేషన్ (పై ఫ్రెట్ల దగ్గర శ్రుతి) ఒకసారి చూసుకోవాలి. వామీ బార్ ఎలాగూ నీ దగ్గర లేదు కాబట్టి పోయేదేం లేదు.

పవర్‌కార్డ్_పంతులు · గురువారం ఉదయం 7:50

తీగ వదిలాక కిటుక్కుమని శబ్దం వచ్చి శ్రుతి కొంచెం కిందే ఉండిపోతుంటే నట్ గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దు తమ్ముడూ. తీగ గాడిలో ఇరుక్కోకుండా జారుతుంది. ఈసారి నా సలహా పరీక్షించే చెప్తున్నా.

కూకట్‌పల్లి_కాపో · గురువారం ఉదయం 11:26

నాకు ఎలక్ట్రిక్ లేదు. అకూస్టిక్ మీద 12 సెట్ (లావు తీగలు). ఇందాక ప్రయత్నిస్తే మూడో తీగ అర ఇంచు కూడా జరగలేదు, వేలు మాత్రం ఎర్రగా పొంగింది. ఇది అకూస్టిక్ వాళ్లకి కాదా ఇక?

రెండోతీగ · గురువారం మధ్యాహ్నం 12:10

అకూస్టిక్ 12 సెట్‌లో మూడో తీగకి పైన చుట్టు ఉంటుందండీ, సాధారణంగా 0.024 అంగుళాల లావు. ఎలక్ట్రిక్ 9 సెట్‌లో అదే తీగ నున్నటిది, 0.016. పోలికే లేదు. దాన్ని లాగడం వేళ్ల బలం ప్రశ్న కాదు. గిటారిస్టు జేమ్స్ బర్టన్ లాంటివాళ్లు, తర్వాత ఎల్విస్ వెనక వాయించింది ఆయనే, సన్న తీగల సెట్లు దొరకని రోజుల్లో బాంజో తీగలు తెచ్చి గిటార్‌కి కట్టుకున్నారు. అంటే వాళ్లు కూడా తీగతో కుస్తీ పట్టలేదు, తీగనే మార్చేశారు.

మీరు 10 సెట్ వేసుకుని అర స్వరం కిందికి శ్రుతి చేసుకోండి, కొంత నయం. లేదా లాగకండి, 9 నుంచి 11కి జార్చి వెంటనే రెండో తీగ 10, ఒకటో తీగ 10 వాయించండి. స్టీల్ శబ్దం రాదు, పాటకి మాత్రం సరిపోతుంది. వేలు పొంగింది అన్నారు, ఈ రెండు రోజులూ ఆపేయండి దయచేసి.

బ్రాడ్‌వే_బుల్లోడు · శనివారం ఉదయం 10:45

వచ్చేసింది!!! బ్రిడ్జ్ ఆనించా, చెక్క కూడా అక్కర్లేకపోయింది. మొదటిసారి మూడు తీగలూ కలిసి మోగినప్పుడు మా రూమ్మేట్ వంటింట్లోంచి "ఏంట్రా యూట్యూబ్ పెట్టావా" అన్నాడు. అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి.

కానీ కొత్త టెన్షన్. ట్యూనర్‌లో ఒకటీ రెండూ తీగలు కదలడం లేదు, బాగుంది. మూడో తీగ లాగిన స్వరం మాత్రం ఎఫ్ షార్ప్‌కి పది పన్నెండు సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు) కింద ఆగుతోంది. ఇంకాస్త నెట్టి ట్యూనర్ పచ్చ లైటు తెప్పిస్తే, విచిత్రం ఏంటంటే, వినడానికి ముందుదే బాగుంది. రికార్డ్ చేసి పడుకునే ముందు ఒకసారి, లేచాక ఒకసారి విన్నా. అదే అభిప్రాయం. నా చెవి మీద మళ్లీ అనుమానం.

పవర్‌కార్డ్_పంతులు · శనివారం ఉదయం 11:20

ట్యూనర్ అబద్ధం చెప్పదు తమ్ముడూ. పచ్చ లైటు వచ్చేదాకా నెట్టు.

స్టీల్_శాస్త్రి · శనివారం మధ్యాహ్నం 12:03

అబద్ధం చెప్పదు, కానీ దానికి తెలిసిన నిజం ఒక్కటే పంతులు గారూ. ట్యూనర్‌కి తెలిసింది పన్నెండు సమాన భాగాల శ్రుతి. అందులో గాంధారం షడ్జం నుంచి 400 సెంట్ల దూరం. తంబురాలో వినిపించే సహజ గాంధారం, 5కి 4 నిష్పత్తి, 386 సెంట్లే. దగ్గర దగ్గర 14 సెంట్లు తక్కువ. కార్డ్ అంతా కలిసి నిలకడగా మోగుతుంటే చెవి ఆ తక్కువ దాన్నే ఇష్టపడుతుంది, కొట్టుకోకుండా మోగుతుంది కాబట్టి. పెడల్ స్టీల్ వాళ్లు చాలామంది తమ గాంధారాల్ని కావాలనే ట్యూనర్ కన్నా కింద పెట్టుకుంటారు. గిటార్‌కి ఫ్రెట్లు ఉన్నాయి కాబట్టి మామూలుగా ఆ వీలుండదు, లాగే స్వరానికి మాత్రం ఉంటుంది. బుల్లోడు చెవి దాన్ని పట్టుకుంది.

కూకట్‌పల్లి_కాపో · శనివారం మధ్యాహ్నం 12:30

14 సెంట్లంటే మా ఊళ్లో ఇల్లు కట్టుకుని ముందు కొబ్బరి చెట్లు కూడా వేసుకోవచ్చు శాస్త్రి గారూ. మీరు దాన్ని గాల్లో వదిలేయమంటున్నారు.

సారణి_విశాఖ · శనివారం మధ్యాహ్నం 1:18

😄 వంద సెంట్లు మీకు ఎకరం, వాళ్లకి అర స్వరం.

శాస్త్రి గారు చెప్పింది నిజం. ఫోన్‌లో తంబురా యాప్ డి శ్రుతిలో పెట్టుకుని దాని మీద లాగి చూడండి బుల్లోడు గారూ. గాంధారం కుదిరినచోట తంబురా ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపిస్తుంది. ట్యూనర్ మూసేయండి ఆ సేపు.

పవర్‌కార్డ్_పంతులు · శనివారం మధ్యాహ్నం 2:40

ఒక ప్రశ్న, గొడవకి కాదు. వెనక కీబోర్డ్ వాడు ఎఫ్ షార్ప్ నొక్కి పట్టుకుని ఉంటే? అది 400 దగ్గరే ఉంటుంది కదా. అప్పుడు మనవాడు 386 దగ్గర ఉంటే రెండూ కొట్టుకోవా?

స్టీల్_శాస్త్రి · శనివారం మధ్యాహ్నం 3:05

కొట్టుకుంటాయి. మంచి ప్రశ్న. అప్పుడు కీబోర్డ్‌కి దగ్గరగా వెళ్లాల్సిందే, చాలామంది మధ్యలో ఎక్కడో సర్దుకుంటారు. ఒంటరిగా, లేదా బేస్ మాత్రమే ఉన్నప్పుడు ఆ తియ్యటి చోటు వాడుకోవచ్చు. కాబట్టి మీ పచ్చ లైటు కూడా నేర్చుకోవాలి, రెండు చోట్లా ఆగగలగాలి.

బ్రాడ్‌వే_బుల్లోడు · ఆదివారం రాత్రి 9:55

తంబురా పెట్టి చేశా. సారణి గారు చెప్పిన ఆ 'పెద్దదవడం' వినిపించింది. రెండు గంటలు కూర్చున్నానంటే నమ్మండి. డి మీద మోహన, తంబురా, కింద ఫ్లాట్ వాళ్లు ఏమనుకున్నారో.

ఇప్పుడు పాటలో పెట్టాలంటే డి తర్వాత జి వస్తుంది, తర్వాత ఏ. అదే ఆకారాన్ని ఒకటో తీగ 15కి, 17కి మోసుకెళ్తే పైన మరీ కీచుగా ఉంది, చెయ్యి కూడా గెంతులేస్తోంది. దగ్గర్లో ఏదైనా ఉందా?

రెండోతీగ · ఆదివారం రాత్రి 10:40

ఉంది, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. చెయ్యి అక్కడే ఉంచండి. జి కార్డ్ వచ్చినప్పుడు మూడో తీగ వదిలేసి రెండో తీగ 10ని ఒక స్వరం పైకి నెట్టండి, ఉంగరపు వేలుతో, వెనక మధ్య వేలు ఆసరా. చిటికెన వేలు ఒకటో తీగ 10 మీద అలాగే. ఏ కాస్తా బి అవుతుంది, పైన డి ఉంది. బి, డి అంటే జి కార్డ్‌లో రెండు స్వరాలు. ఏ కార్డ్ రాగానే అదే పట్టుని రెండు ఫ్రెట్లు జరిపి 12 మీద చేయండి: బి కాస్తా సి షార్ప్, పైన ఇ. మూడు కార్డులూ రెండు ఫ్రెట్ల స్థలంలో అయిపోయాయి.

డి నుంచి జికి మారేటప్పుడు మూడో తీగని చప్పుడు లేకుండా వదలాలి. కుడిచేతి అరచేతి అంచుతో దాన్ని నొక్కేసి వదలండి, లేకపోతే మియావ్ అంటుంది. కుడిచేతికి పిక్‌తో (మీటే బిళ్లతో) పాటు మధ్య వేలూ ఉంగరపు వేలూ వాడండి, మూడో తీగ పిక్‌తో, రెండోది మధ్య వేలుతో, ఒకటోది ఉంగరపు వేలుతో. అప్పుడు మూడు తీగలూ ఒకేసారి చిటికేసినట్టు కూడా మీటొచ్చు.

సారణి_విశాఖ · సోమవారం ఉదయం 6:22

ఏ కార్డ్ దగ్గర సి షార్ప్ వచ్చింది అంటే కాకలి నిషాదం. మోహనలోంచి బిలహరి గుమ్మం దాకా వచ్చేశారు.

డాలస్_మావయ్య · సోమవారం ఉదయం 8:47

రెండో తీగ బెండ్ గురించి మాట వచ్చింది కాబట్టి క్లారెన్స్ వైట్ గురించి చెప్పకుండా ఉండలేను. బర్డ్స్ అనే అమెరికా బ్యాండ్‌లో గిటార్ వాయించాడు. ఆయనా, అదే బ్యాండ్ డ్రమ్మర్ జీన్ పార్సన్సూ కలిసి టెలికాస్టర్ లోపల మీటల యంత్రం ఒకటి బిగించారు, 1960ల చివర్లో. భుజం బెల్ట్ తగిలించే బొత్తం ఆ యంత్రానికి కలిసి ఉంటుంది. గిటార్ మెడని కిందికి నొక్కితే బెల్ట్ బిగిసి, మీట కదిలి, రెండో తీగ ఒక స్వరం పైకి పోతుంది, బి కాస్తా సి షార్ప్. అంటే ఎడమచేతి నాలుగు వేళ్లూ ఖాళీ! ఖాళీ తీగని కూడా లాగొచ్చు. ఆయన 29 ఏళ్లకే, 1973లో, తాగి నడిపినవాడి కారు కింద పడి పోయాడు. ఆ గిటార్ ఇప్పుడు కంట్రీ గాయకుడు మార్టీ స్టూవర్ట్ దగ్గరుంది, ఇంకా స్టేజీ మీద వాయిస్తూనే ఉన్నాడు.

బుల్లోడూ, నీ ఊళ్లోనే కదా ఆయన వాయించేది, కుదిరితే చూడు. భుజం ఎలా కదులుతుందో చూడు, వేళ్లు కాదు.

బ్రాడ్‌వే_బుల్లోడు · మంగళవారం రాత్రి 11:15

ఆ యంత్రం ధర చూశా, నా గిటార్ ధర కన్నా ఎక్కువుంది. వేళ్లే నయం.

డి, జి, ఏ మూడూ కలిపి మెట్రోనోమ్ (తాళం యంత్రం) 60లో వస్తున్నాయి. 72లో జి దగ్గర మియావ్ అంటోంది, రెండోతీగ గారు చెప్పినట్టే. నాన్నకి ఫోన్‌లో వినిపించా. "బాగుంది, ఆ పిల్లి కూత ఎందుకు మధ్యలో" అన్నారు.

ఇంకో డౌట్. బ్రాడ్‌వేలో ఆ పెద్దాయన ఒకసారి ఎడమచెయ్యి తలకాయ వైపు తీసుకెళ్లి నట్ వెనక తీగ నొక్కినట్టు అనిపించింది. అదేంటి?

రెండోతీగ · మంగళవారం రాత్రి 11:38

అదే, నట్‌కీ, తీగ బిగించే మరకీ మధ్య తీగని కిందికి నొక్కడం. ఖాళీ జి తీగ ఏ అవుతుంది. గిటారిస్టు జెర్రీ డొనహ్యూ దాంట్లో రాక్షసుడు. ఖాళీ తీగ ఏదైనా సరే, వేలి చివర కోసుకుపోతుంది మొదట్లో. మీ గిటార్ తలకాయ మీద తీగల్ని నొక్కిపట్టే చిన్న కొక్కెం ఏయే తీగల మీద ఉందో చూడండి, దాని కిందున్న తీగలకి కుదరదు.

బ్రాడ్‌వే_బుల్లోడు · మంగళవారం రాత్రి 11:44

ఒకటి, రెండు తీగల మీద ఉంది. మూడో తీగ ఖాళీ.

అమ్మో. గట్టిగానే కోసింది.